మిషను కాదన్నప్పుడు పలికే మనిషి కావాలి: సేవాశాఖల అధికారులకు, ఇంజినీర్లకు ఉద్దానం నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల అధికారులకు, ఈ జిల్లాల్లో శాఖలు నడుపుతున్న బ్యాంకుల నిర్వాహకులకు, ప్రజలకు అందే సేవలను ఫోన్లలోకీ మిషన్లలోకీ మారుస్తున్న ఇంజినీర్లకు,

విషయం: వేలిముద్ర పడనివారికి, ఫోను లేనివారికి మరో దారి చూపవలసిందనీ, చదువుకుంటున్న పిల్లలకు రాబోయే పనుల గురించి ఉన్నదున్నట్టు చెప్పవలసిందనీ విన్నపం.

నమస్కారములు.

నేను శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతమైన ఉద్దానంలోని ఒక పల్లెలో ముప్పై ఆరేళ్లు బ్రాంచి పోస్టుమాస్టరుగా పనిచేసి, అరవై ఐదో ఏట పదవీ విరమణ చేసినవాణ్ణి. గత ఏడాదిన్నరలో మా ఊరి పెద్దవాళ్ల తరఫున మూడు అర్జీలు పెట్టాను. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోదానికి అదీ లేదు. మూడోదానికి మాత్రం ఐదో రోజునే నా ఫోనుకు "మీ అర్జీ పరిష్కరించబడినది" అని సందేశం వచ్చింది. సంతోషించి, ఎవరి కోసం ఆ అర్జీ పెట్టానో ఆమె ఇంటికి ఆ సాయంత్రమే వెళ్లాను. ఆమె దగ్గరికి ఎవరూ రాలేదు, ఎవరూ కబురు పెట్టలేదు, ఆమె డబ్బు ఆమె చేతికి అందలేదు. ఏ కార్యాలయమో, ఏ బ్యాంకో ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఒక గుమస్తాను మందలించడంతో తీరిపోయే సంగతి కాదిది.

ఒకే ఇంట్లో ఉంటున్న మూడు తరాలవాళ్లు రేపటి రోజును మూడు రకాలుగా చూస్తున్నారు. కొత్త మిషను వస్తోందంటే ఇప్పటిదాకా అందుతున్నదాంట్లో ఏది ఆగిపోతుందోనని ముసలివాళ్లు భయపడుతున్నారు. అన్నీ ఫోనులోనే అయిపోతాయన్న ధీమాతో వాళ్ల కొడుకులూ కోడళ్లూ దూరాన ఉన్నారు. తాము చదువుతున్న చదువు పూర్తయ్యేలోగా ఆ పనిని మిషనే నేర్చేసుకుంటుందేమోనని మనవలు, మనవరాళ్లు దిగులుపడుతున్నారు. ఈ మూడింటిలో ఏది నిజమవుతుందన్నది మిషను చేతిలో లేదు, దాన్ని తెచ్చి జనం మధ్యలో పెట్టే మీ చేతిలో ఉంది. ఆ నమ్మకంతోనే ఈ లేఖ రాస్తున్నాను.

1. పైన చెప్పిన ఆమెకు డెబ్బై దాటాయి. పలాస, కాశీబుగ్గ వైపు జీడిపిక్కల పనిలో పద్నాలుగో ఏట చేరి, నలభై ఏళ్లకు పైగా పిక్కలు కొట్టి పప్పు తీసిన మనిషి. జీడిపిక్క పైపెంకులో ఉండే నూనె చేతిని కాలుస్తుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా కొంతే ఆగుతుంది. భర్తకు మా ఉద్దానంలో ఇంటింటికీ తెలిసిన కిడ్నీ జబ్బు, డయాలసిస్ జరుగుతోంది. కొడుకు గుజరాత్‌లోని వేరావల్‌లో బోటు మీద పనికి వెళ్తాడు. సీజనులో అతను పంపే డబ్బు ఆమె ఖాతాలో పడుతుంది. ఆ డబ్బు తీసుకోవాలంటే ఊళ్లో బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చే బ్యాంకు మిత్ర దగ్గర మిషను మీద వేలు పెట్టాలి.

ఒక రోజు నేను కూడా వెంట వెళ్లాను. ఆ కుర్రవాడు మర్యాదస్తుడు. గుడ్డతో అద్దం తుడిచి "మామ్మా, గట్టిగా నొక్కు" అన్నాడు. ఎర్రలైటు వెలిగింది. చీర చెంగుకు వేలు రుద్దుకుని మళ్లీ పెట్టింది. "మెల్లగా ఆనించు చాలు" అన్నాడు. మళ్లీ ఎర్రలైటే. కుడి బొటనవేలు, ఎడమ బొటనవేలు, చూపుడువేళ్లు, ఉంగరపువేళ్లు, ఒక్కటొక్కటిగా అన్నీ అయ్యాయి. నేను ఆమె చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూశాను. బొటనవేలి కొసన గీతలనేవే లేవు. జీడినూనె కాల్చి కాల్చి ఆ చోటు గాజుపెంకులా నున్నగా మెరుస్తోంది, అంచున మాత్రం రెండు మూడు నల్లటి పగుళ్లు ఉన్నాయి. వరసలో వెనకున్నవాళ్లు విసుక్కుంటుంటే ఆమె నా వైపు తిరిగి అంది: "నా ఏలు నాది కాదంటంది బావూ, మరెవులిదో దాన్నే సెప్పమను."

అక్కణ్ణుంచి బ్యాంకు శాఖకు వెళ్లాం. చిన్న మొత్తాలకు ఊళ్లోని బ్యాంకు మిత్ర దగ్గరికే వెళ్లాలన్నారు. వేలు పడటం లేదంటే ఆధార్ కేంద్రంలో ముద్రలు కొత్తగా ఇమ్మన్నారు. కేంద్రంలో రెండుసార్లు ఇచ్చాం. లేని గీతలు రెండోసారి మాత్రం ఎక్కడి నుంచి వస్తాయి? ఆ తర్వాత ఖాతాకు కేవైసీ, అంటే గుర్తింపు పత్రాలు మళ్లీ ఇచ్చే గడువు, దాటిందన్నారు. మొత్తం మీద ఆరు ప్రయాణాలు. ఆటో ఛార్జీలకు అప్పు చేసింది. ఆ నడుమ భర్తను ఒక వారం డయాలసిస్‌కు తీసుకెళ్లడానికి చేతిలో డబ్బు లేక పక్కింటివాళ్లను అడిగింది. ఖాతాలో కొడుకు పంపిన పదకొండు వేల రూపాయలు అలాగే ఉన్నాయి.

నా సర్వీసులో సంతకం రానివాళ్లకు మనియార్డరు డబ్బు ఇవ్వాలంటే సిరాతో వేలిముద్ర వేయించుకుని, పక్కన ఊళ్లో తెలిసినవాళ్లొకరి సాక్షి సంతకం తీసుకునేవాళ్లం. ముద్ర అలుక్కుపోయినంత మాత్రాన డబ్బు ఆగేది కాదు. ఆమె ఆమేనని చెప్పడానికి సాక్షి ఉన్నాడు. ఆ సాక్షిని నమ్మి ఇచ్చినందుకు జవాబు చెప్పుకోవడానికి నేనున్నాను. తప్పు జరిగితే నా జీతంలో కోత పడేది. పాత రోజులన్నీ బంగారమని నేను అనను. మనియార్డరు అందించి చెయ్యి చాచినవాళ్లు మా శాఖలోనే ఉండేవారు, ముద్ర పెట్టించుకుని తక్కువ లెక్కపెట్టిన సంగతులూ విన్నాను. నేరుగా ఖాతాలో డబ్బు పడటం వల్ల ఆ దొంగతనం తగ్గిందన్నది నిజం. కానీ దొంగను ఆపడానికి పెట్టిన తాళం ఇంటి యజమానినే బయట నిలబెడుతుంటే, తాళం బాగా పనిచేస్తోందని ఎలా అంటాం?

2. ఈ తరాల సంగతి మా ఇంటి నుంచే చెప్పగలను. మా తాత రంగం వెళ్లినవాడు. రంగూన్‌ను మా వైపు పెద్దవాళ్లు రంగం అనేవారు. ఆయన తరానికి స్టీమరే ఆశ. స్టీమరు ఎక్కినవాడి దగ్గర నుంచి ఉత్తరం వచ్చేదాకా ఇంట్లోవాళ్లు నెలల తరబడి ఎదురుచూసేవారు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు వేలాది మందితో పాటు అడవుల వెంట నడిచి తిరిగొచ్చాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ రేపటి గురించి గట్టిగా మాట ఇచ్చేవాడు కాదు.

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వేలో ఖలాసీ. ఆయన తరానికి ఆశ రైలులో వచ్చింది, మనియార్డరులో ఇంటికి చేరింది. కమీషను కట్టి పంపేవాడు. ఫారం అడుగున సందేశానికి వదిలిన చిన్న జాగాలో "ఈ నెల పాతిక తక్కువ, వచ్చే నెల కలిపి పంపుతాను" అని రాసేవాడు. మా అమ్మ ఆ ముక్కను చింపి దేవుడి గూట్లో దాచుకునేది. ఆమెకు రేపంటే వచ్చే నెల మొదటి వారం, అంతకు మించి లేదు. కానీ ఆ వారం మీద ఆమెకు పూర్తి నమ్మకం ఉండేది.

నా తరంలో ఎస్టీడీ బూతులు వచ్చాయి, ఇంటింటికీ టీవీ వచ్చింది, తర్వాత కంప్యూటరు వచ్చింది. కంప్యూటరు నేర్చిన పిల్లవాడికి పట్నంలో కుర్చీ ఖాయమని మేమంతా నమ్మాం. విజయనగరం వైపు జూట్ మిల్లు సైరనుతో పొద్దు లెక్కపెట్టుకున్న కుటుంబాలు గోనెసంచి పోయి ప్లాస్టిక్ సంచి రావడాన్ని కళ్లారా చూసి, తమ పిల్లలు మిల్లు వైపు తొంగిచూడకూడదనుకున్నాయి. నేను రెండెకరాల జీడితోటలో ఎకరం అమ్మి మా అబ్బాయిని ఇంజినీరింగు చదివించాను. నా లెక్క తప్పలేదు. ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాడు. నాకు మందులు కావాలన్నా, కరెంటు బిల్లు కట్టాలన్నా "నాన్నా, నువ్వు కదలకు, ఇక్కణ్ణుంచి నేను చేసేస్తాను" అంటాడు. మాటలో ప్రేమ ఉంది, నాకు తెలుసు. ఫోనులోనే డబ్బు పంపే యూపీఐ 2016లో వచ్చింది. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే దేశంలో 2000 కోట్లకు పైగా లావాదేవీలు దాని మీద జరిగాయి. వాడి తరానికి ఎదురుచూడటం అనేదే లేకుండా పోయింది. తెర మీద చక్రం పది సెకన్లు తిరిగితే ఏదో తప్పు జరిగిందనుకుంటారు.

ఇంతకాలం వచ్చిన ఏ కొత్త సాధనమూ మమ్మల్ని ఇంత భయపెట్టలేదు. దానికి కారణం నాకు మా శాఖలోనే కనిపించింది. తంతిని, అంటే టెలిగ్రాంను, 2013 జూలైలో ఆపేశారు. మా ఊళ్లో ఒక్కరూ బాధపడలేదు, ఎందుకంటే అప్పటికే సెల్‌ఫోను ప్రతి వీధికీ చేరింది. ముందు కొత్తది చేరింది, తర్వాత పాతది ఆగింది. ఇప్పుడు ఆ వరస తలకిందులైంది. కొత్త తలుపు తీసిన రోజునే పాత తలుపు మూసేస్తున్నారు. కొత్త తలుపు తాళం అందరి చేతికీ వచ్చిందా అని చూసేవాళ్లు లేరు. నేను అడుగుతున్నదంతా ఈ వరసను సరిచేయమనే.

3. చట్టమూ నియమాలూ మా పక్షానే ఉన్నాయన్నది మీకు నాకంటే బాగా తెలుసు. వేలిముద్ర పడలేదన్న కారణంతో రేషనుగానీ ఇతర సంక్షేమ పథకాలుగానీ ఆపకూడదనీ, కనుపాపతోనో ఓటీపీతోనో ప్రయత్నించి, అవీ కుదరకపోతే కార్డు చూసి ఇచ్చి ఆ సంగతిని రిజిస్టరులో రాసుకోవాలనీ ఆధార్ సంస్థ 2017 అక్టోబరు 24న ఉత్తర్వు ఇచ్చింది. 2018 సెప్టెంబరు 26న ఆధార్ కేసులో తీర్పు ఇస్తూ, ధ్రువీకరణ విఫలమైనంత మాత్రాన అర్హులెవరికీ పథకం అందకుండా పోకూడదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. డెబ్బై ఏళ్లు దాటినవారికి ఇంటి వద్దకే కనీస బ్యాంకు సేవలు అందించాలనీ, పెద్దవాళ్లకు ప్రత్యేక కౌంటరు ఉండాలనీ 2017 నవంబరు 9న రిజర్వు బ్యాంకు బ్యాంకులన్నిటికీ చెప్పింది. వృద్ధులు, జబ్బుపడినవారు సంతకం చేయలేకపోతే ఇద్దరు సాక్షుల ఎదుట, అందులో ఒకరు బాధ్యత గల బ్యాంకు ఉద్యోగి అయి ఉండగా, వేలిముద్ర తీసుకుని డబ్బు ఇవ్వవచ్చని కూడా రిజర్వు బ్యాంకు నియమాల్లోనే ఉంది. నేను మనియార్డరు రోజుల్లో పాటించిన పద్ధతి అదే కదా! అది రద్దు కాలేదు. కౌంటరులో కూర్చున్నవాళ్లలో చాలామందికి తెలియదు, అంతే. 2025 ఏప్రిల్ 30న యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు వేసిన కేసులో తీర్పు చెబుతూ, డిజిటల్ సేవలు అందుకోగలగడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు పేర్కొని, కేవైసీ పద్ధతులను అందరికీ వీలయ్యేలా మార్చాలని ఇరవై ఆదేశాలు ఇచ్చింది.

జీడి కాల్చిన వేలు కూడా ఆ "అందరి"లోకి రావాలి. పలాసలో పిక్కలు కొట్టే ఆడవాళ్లు, తీరాన వలతాళ్లు లాగే గంగపుత్రులు, రాళ్లు మోసే కూలీలు, వీళ్ల చేతులు పనిలోనే అరిగిపోయాయి.

4. వేలు పడనివాళ్లు, ఫోను రానివాళ్లు ఏం చేస్తున్నారో మీరు ఒకసారి సంత రోజున వచ్చి చూడండి. పిన్ నంబరును పాసుపుస్తకం వెనక అట్ట మీద రాయించుకుని, కిరాణా కొట్టువాడికో పక్కింటి పిల్లవాడికో ఇచ్చి డబ్బు తీయించుకుంటున్నారు. తీసిపెట్టినందుకు వందకు ఇంతని ఇచ్చుకుంటున్నారు. మా చేతివాటం మనుషుల్ని పోగొట్టామని చెప్పిన చోటే కొత్తవాళ్లు పుట్టుకొచ్చారు, వీళ్లకు మాత్రం రికార్డు లేదు, అడిగేవాళ్లూ లేరు. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం" అన్న గొంతును నమ్మి ఓటీపీ చెప్పేసినవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు. సైబరు మోసం జరిగితే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలని వాళ్లకు అప్పటికి ఎవరూ చెప్పలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లాలో అక్షరాస్యత 61.74 శాతం, విజయనగరం జిల్లాలో 58.89 శాతం. బడికి వెళ్తున్న పిల్లల్నీ కలిపిన లెక్క ఇది. వాళ్లను పక్కన పెట్టి అరవై దాటిన ఆడవాళ్లను మాత్రమే చూస్తే ఎంత మిగులుతుందో మీరే ఊహించండి. తెలుగులో రాసిన యాప్ అయినా చదవడం రానివాళ్లకు ఇంగ్లిషు యాప్‌తో సమానమే.

5. తిత్లీ తుపాను మరిచిపోకండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది మా వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతంలోనే తీరం దాటింది. కన్నకొడుకులాంటిదని చెప్పుకునే కొబ్బరిచెట్టు మా కళ్ల ముందే వేళ్లతో సహా లేచిపోయింది. చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు, టవర్లు పలకలేదు. ఆ రోజుల్లో నా దగ్గరున్న చేతి మిషను చార్జింగు లేక పడి ఉంటే, కాగితం మీద రాసుకుని, తెలిసిన ముఖాలకు నా పూచీ మీద కొద్దికొద్దిగా డబ్బు సర్దాను. తర్వాత పైవాళ్లకు రాతపూర్వకంగా వివరణ ఇచ్చుకున్నాను. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన తీరం ఇది. ఇలాంటి చోట కరెంటూ సిగ్నలూ లేని పది రోజులకు ఏర్పాటు లేని వ్యవస్థను పూర్తయిన వ్యవస్థ అనలేం. ఇది ఇంజినీర్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే మీలో చాలామంది ఈ జిల్లాల పిల్లలే, మీ ఇళ్ల పైకప్పులు కూడా ఆ రాత్రి ఎగిరిపోయాయి.

6. మంచిని మంచి అని చెప్పకపోతే నా మాటకు విలువ ఉండదు. ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది ఇంటి గడప దగ్గరికి వచ్చి నాలుగు వేల పింఛను చేతిలో పెట్టడం మా ఊరి ముసలివాళ్లకు పెద్ద ధైర్యం. అక్కడ కూడా మిషను ఉంది, అక్కడ కూడా వేలు పడకపోవడం ఉంది. కానీ మిషను పట్టుకున్న మనిషి ఎదురుగా నిలబడి, వేలు పడకపోతే కన్ను చూపించమంటాడు, అదీ కుదరకపోతే తన పైవాళ్లకు ఫోను చేస్తాడు. గుమ్మంలో నిలబడ్డవాడు వెంటనే వెళ్లిపోలేడు, తేడా అంతా అక్కడుంది. వాట్సాప్‌లో ధ్రువపత్రాలు ఇచ్చే మన మిత్ర సేవను 2025 జనవరి 30న 161 సేవలతో మొదలుపెట్టినప్పుడు మా మనవరాలు ఎంత సంబరపడిందో నాకు తెలుసు. చదువుకున్న పిల్లకు ఒక రోజు కూలీ పోగొట్టుకుని తిరిగే బాధ తప్పింది. మిషను వద్దని మేము అనడం లేదు.

7. ఇక ఆ మనవరాలి సంగతి. ముసలమ్మ వేలు గురించి రాస్తూ దీన్ని ఎందుకు కలిపానని మీరు అనుకోవచ్చు. నాకు రెండూ ఒకటే జబ్బుగా కనిపిస్తున్నాయి.

ఏది అడిగినా జవాబు రాసిచ్చే కృత్రిమ మేధ చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న వచ్చింది. అప్పుడు నా మనవరాలు తొమ్మిదో తరగతి, ఇప్పుడు విజయనగరంలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. లెక్కల్లో చురుకైన పిల్ల. దసరా సెలవులకు వచ్చినప్పుడు ఒక రాత్రి అరుగు మీద కూర్చుని ఫోనులో ఏదో అడుగుతోంది. కంప్యూటరుకు రాయవలసిన ప్రోగ్రాము ఒకటి తెలుగులోనే అడిగితే, నేను చూస్తుండగానే తెర నిండా వరసలు వచ్చి పడ్డాయి. నేను ఆశ్చర్యపోయి మెచ్చుకోబోయాను. ఆమె ఫోను బోర్లా పెట్టి అడిగింది: "తాతా, నాన్న నాలుగేళ్లు చదివి నేర్చుకున్నది ఇది క్షణంలో రాసేసింది. నేను నాలుగేళ్లు చదివి బయటికి వచ్చేసరికి నన్నెవరు పిలుస్తారు?"

ముప్పై ఆరేళ్లలో ఎన్నో కష్టమైన ఉత్తరాలు చదివి వినిపించాను, ఏదో ఒక మంచి మాట కలిపి చెప్పగలిగాను. ఆ పిల్లకు ఆ రాత్రి చెప్పడానికి నా దగ్గర మాట లేదు. మూడేళ్ల కిందటి వరకు ధీమాగా మాట్లాడిన మా అబ్బాయి కూడా ఇప్పుడు తన పనే ఎన్నాళ్లుంటుందోనని పొడిపొడిగా మాట్లాడుతున్నాడు. నానమ్మ తరాన్ని మిషను గుర్తుపట్టడం లేదు, మనవరాలి తరం పనిని మిషను ముందే నేర్చేసుకుంటోంది. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని, ఇద్దరూ తమ అవసరం ఎవరికీ లేదేమోనని అనుకుంటున్నారు.

పిల్లలకు వినిపిస్తున్నవన్నీ పెద్దపెద్ద ప్రకటనలు. విశాఖలో గూగుల్ డేటా కేంద్రానికి అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించారు. సంతోషమే. భోగాపురం విమానాశ్రయం, మూలపేట ఓడరేవు మా పిల్లల నోళ్లలో నానుతున్నాయి. కానీ డేటా కేంద్రం కట్టేటప్పుడు కావలసినంత మంది, కట్టిన తర్వాత దాన్ని నడపడానికి అక్కరలేదన్నది ఆ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. కరెంటు పని, చల్లదనం కోసం నడిచే ఏసీల పని, పంపుల పని తెలిసినవాళ్లు కావాలి. ఏ పనికి ఎంతమంది, ఏ చదువు చదివినవాళ్లు కావాలో చెప్పకుండా "లక్షల ఉద్యోగాలు" అన్న మాటను గాలిలో వదిలితే, తల్లిదండ్రులు మళ్లీ జీడితోటలు అమ్మి మూడేళ్లలో పాతబడిపోయే కోర్సులకు ఫీజులు కడతారు. నేను ఎకరం అమ్మినప్పుడు నాకు లెక్క కలిసొచ్చింది. ఈసారి అమ్మేవాళ్లకు కలిసొస్తుందని నేను చెప్పలేను, మీరు చెప్పగలిగితే కాగితం మీద చెప్పండి.

పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి దువ్వి సన్ననూలు వడికే ఆడవాళ్లున్నారు. ఏ మిషనూ అంత పని అంత నాజూకుగా చేయలేదని మెచ్చుకుని ఫొటోలు తీసుకుపోతారు. ఆ పనికి గిట్టుబాటు కూలీ లేక వాళ్ల కూతుళ్లు రాట్నం ముట్టుకోవడం లేదు. మిషను చేయలేని పనికి విలువ కట్టడం మనకు రాకపోతే, మిషను చేయగలిగిన పనుల నుంచి తప్పుకున్న పిల్లలు వెళ్లి నిలబడేది ఎక్కడ?

ఈ కారణాల వల్ల కింది వాటిని అమలు చేయవలసిందిగా మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

1. బ్యాంకు శాఖల్లోనూ రేషను డిపోల్లోనూ గ్రామ సచివాలయాల్లోనూ, వేలిముద్ర పడకపోతే ఏం చేయాలో తెలుగులో పెద్ద అక్షరాలతో గోడ మీద రాయించాలి. కింద బాధ్యుడైన ఉద్యోగి హోదా, ఫోను నంబరు ఉండాలి.

2. మినహాయింపుల రిజిస్టరు ప్రతి చోటా ఉండాలి. మిషను ఎవరిని, ఏ రోజున, ఎన్నిసార్లు కాదన్నదో అందులో రాయాలి. నెలకొకసారి దాన్ని గ్రామసభలో చదివి వినిపించాలి. తిప్పి పంపినవాళ్ల లెక్క ఎక్కడా లేకపోవడం వల్లనే మీ నివేదికల్లో అంతా సవ్యంగా కనిపిస్తోంది.

3. ఇద్దరు సాక్షులతో వేలిముద్ర తీసుకుని డబ్బు ఇచ్చే పద్ధతిని, డెబ్బై దాటినవారికి ఇంటి వద్ద సేవలను ప్రతి శాఖలో వారానికి ఒక్క రోజైనా నడపాలి. జీడి కార్మికులు ఎక్కువగా ఉన్న పలాస ప్రాంతంలో దీన్ని మొదట ప్రారంభించాలి.

4. ఏ సేవనైనా ఫోనుకు మార్చినప్పుడు పాత పద్ధతిని కనీసం రెండేళ్లు పక్కనే ఉంచాలి. కొత్తది ఎంతమందికి చేరిందో ఇల్లిల్లూ తిరిగి లెక్క తీసుకున్న తర్వాతే పాతదాన్ని ఆపాలి.

5. తుపాను సమయంలో కరెంటు, సిగ్నలు లేని పది రోజులపాటు కాగితం మీద పింఛను, రేషను, కొద్దిపాటి నగదు ఇవ్వడానికి ముందే ఉత్తర్వు సిద్ధంగా ఉండాలి. తుపాను వచ్చాక ఉత్తర్వు కోసం ఫోను చేయడానికి టవరు ఉండదు.

6. ఎచ్చెర్లలోని ట్రిపుల్ ఐటీ, అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరంలోని జేఎన్‌టీయూ మన పిల్లల కోసమే ఉన్నాయి. ఏటా మే నెలలో ఈ సంస్థల అధ్యాపకులు మండల కేంద్రాలకు వచ్చి, ఏ కోర్సుకు ఏ పని ఉంది, ఏ పని తగ్గిపోతోంది అన్నది తల్లిదండ్రులకు, పిల్లలకు ఎదురుగా కూర్చుని చెప్పాలి. తెలియనిది తెలియదనే చెప్పాలి. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో కృత్రిమ మేధను ఎలా వాడుకోవాలో, ఎక్కడ నమ్మకూడదో నేర్పాలి. ఆ పిల్లల చేతే తమ ఊరి పెద్దలకు 1930 నంబరు, పిన్ భద్రత, మోసపు ఫోన్ల సంగతి నేర్పించాలి. అలా నేర్పిన పిల్లకు తన చదువు ఎవరికో పనికొచ్చిందని తెలుస్తుంది.

7. అర్జీ ఎవరి పేరున ఉందో వారి సంతకమో, సాక్షితో వేలిముద్రో లేకుండా ఏ అర్జీనీ "పరిష్కరించబడినది" అని మూసివేయకూడదు.

మా ఊళ్లో వేలిముద్ర పడక ఇబ్బంది పడుతున్న పద్నాలుగు మంది వివరాలు వాళ్ల అనుమతితో రాసి నా దగ్గర ఉంచాను. బాధ్యుడైన అధికారి ఎవరైనా వచ్చి అడిగితే స్వయంగా అందజేస్తాను, ఒక్కొక్కరి ఇంటికీ వెంట వస్తాను. ఈ లేఖకు జవాబు ఫోను సందేశంగా కాకుండా కాగితం మీద, సంతకంతో, తేదీతో మా గ్రామ పోస్టాఫీసు చిరునామాకు పంపవలసిందిగా ప్రార్థన. అది అందిన రోజున ఆమె ఇంటికి తీసుకువెళ్లి నేనే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
విశ్రాంత బ్రాంచి పోస్టుమాస్టరు,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా